పరిచయ వాక్యాలు దాటాక: ఆన్‌లైన్ సహకార అభ్యసనంలో సాంస్కృతిక అస్తిత్వం

ఆన్‌లైన్ కోర్సు మొదలైన తొలి వారంలో చాలాచోట్ల ఒకే రకమైన పని అప్పగిస్తారు. మీరెవరు, ఎక్కడివారు, మీ సంస్కృతిలో విశేషమేమిటి అని నాలుగు వాక్యాల్లో పరిచయం రాయమంటారు. అభ్యాసకులు రాస్తారు. పండుగల గురించో, మాతృభాష గురించో రెండు ముక్కలు చెప్పుకొని, ఒకరి పరిచయం కింద మరొకరు మర్యాదగా స్పందిస్తారు. రెండో వారం నుంచి అసలు పని మొదలవుతుంది. ఆ పరిచయాలను మళ్లీ తెరిచి చూసేవారు అరుదు. సాంస్కృతిక అస్తిత్వానికి చోటు కల్పించామన్న తృప్తి మాత్రం నిర్వాహకులకు మిగులుతుంది. ఆ తృప్తి తొందరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. నలుగురు కలిసి నేర్చుకునే చోట మనుషుల సంస్కృతి పరిచయ వాక్యాల్లో కన్నా పని చేసే తీరులో ఎక్కువగా బయటపడుతుంది: ఎవరితో ఎలా విభేదించారు, ఎంతసేపు మౌనంగా ఉన్నారు, ఏ ఉదాహరణ ఎంచుకున్నారు, ఎవరి వాక్యాన్ని దిద్దడానికి చొరవ చేశారు అన్న వాటిలో. అందువల్ల ఆ అస్తిత్వానికి నిజంగా చోటుందా లేదా అన్న విషయాన్ని తేల్చేది స్వాగత సందేశం కాదు. అప్పగించిన పని స్వరూపం, మార్కులు వేసే పద్ధతి, వేదికను నిర్మించిన తీరు.

ముందుగా అస్తిత్వం అన్న భావనను కొంచెం సరిచూసుకోవాలి. సాంస్కృతిక సిద్ధాంతకారుడు స్టువార్ట్ హాల్ 1990లో ప్రచురించిన ఒక వ్యాసంలో, సాంస్కృతిక అస్తిత్వం గతం నుంచి చెక్కుచెదరకుండా చేతికందే ఆస్తి లాంటిది కాదని, అందులో ‘ఉండటం’ ఎంత ఉందో ‘అవుతూ ఉండటం’ కూడా అంతే ఉందని వాదించారు. ఆన్‌లైన్ బృందాలను గమనించినవారికి ఈ మాటలోని నిజం తెలుస్తుంది. ఒకే వ్యక్తి తన దేశంవారు ఎక్కువగా ఉన్న బృందంలో తన ప్రాంతం మనిషిగా మాట్లాడతారు. విదేశీయులు ఎక్కువగా ఉన్న బృందంలో తన దేశం మనిషిగా మాట్లాడతారు. వృత్తి సంబంధమైన కోర్సులో ఇంజినీరుగానో నర్సుగానో మాట్లాడతారు. ఇందులో ఏదీ నటన కాదు. ఎదురుగా ఎవరున్నారో దాన్నిబట్టి మనిషిలోని ఒక్కో పార్శ్వం ముందుకు వస్తుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డు వస్తుంది. సామాజిక మనస్తత్వవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో వెలువరించిన ప్రసిద్ధ అధ్యయనం వివిధ దేశాల్లోని ఐబీఎం ఉద్యోగులు 1967 నుంచి 1973 వరకు ఇచ్చిన సమాధానాల ఆధారంగా దేశాలకు అంకెలు ఇచ్చింది: ఫలానా దేశంలో వ్యక్తివాదం ఎంత, అధికారం పట్ల వినయం ఎంత అన్నట్టుగా. ఆ అంకెలు దేశాల సగటులు. వాటిని పట్టుకొని ఎదురుగా ఉన్న మనిషి స్వభావాన్ని ఊహించకూడదని హాఫ్‌స్టెడ్ స్వయంగా హెచ్చరించారు. అయినా ఆన్‌లైన్ బోధనకు సంబంధించిన శిక్షణ సామగ్రిలో ఆ పట్టికలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చదివి వచ్చిన బోధకులు, ఫలానా దేశపు విద్యార్థి చర్చలో మాట్లాడకపోతే ‘వారి సంస్కృతి అంతే’ అని సరిపెట్టుకొనే ప్రమాదం ఉంది. ఆ విద్యార్థికి ఇంటర్నెట్ సరిగా లేకపోయి ఉండవచ్చు, చర్చ జరిగే వేళ అక్కడ అర్ధరాత్రి అయి ఉండవచ్చు, లేదా మొదటిసారి రాసిన మాటకు ఎవరూ బదులివ్వకపోయి ఉండవచ్చు. సంస్కృతి అనే జవాబు చేతిలో సిద్ధంగా ఉంటే ఈ ప్రశ్నలు అడగాలన్న ఆలోచనే రాదు.

సంస్కృతి పనిలో ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. ఐదుగురు కలిసి ఒక ఉమ్మడి డాక్యుమెంట్‌లో నివేదిక రాస్తున్నారనుకోండి. మూడో పేరాలో ఒక తప్పుడు వాదన ఉంది. ఒకరు దాన్ని చూడగానే ఆ రెండు వాక్యాలూ తొలగించి, సరైన వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. వారి దృష్టిలో డాక్యుమెంట్ అందరిదీ. తప్పు దిద్దడం బాధ్యత. మరొకరు పక్కన వ్యాఖ్య పెడతారు: ‘ఈ అంశాన్ని ఇంకో కోణంలో కూడా చూడవచ్చేమో, మీరేమంటారు?’ అని. అది ప్రశ్నలా కనిపించినా నిజానికి గట్టి అభ్యంతరం. మొదటివారికి ఆ అభ్యంతరం వినపడదు. సూచన మాత్రమే అనుకొని వదిలేస్తారు. రెండోవారికేమో, తన వాక్యం చెప్పాపెట్టకుండా మాయమైన రోజున అవమానంగా అనిపిస్తుంది. వారం గడిచేసరికి రెండోవారు మొదటివారిని దురుసు మనిషి అనుకుంటారు, మొదటివారు రెండోవారిని అభిప్రాయం లేని మనిషి అనుకుంటారు. మాటలో ఉన్నదానికన్నా సందర్భంలో ఉన్నదాన్ని ఎక్కువగా చదివే సంభాషణ పద్ధతులు, అన్నీ విప్పి చెప్పే పద్ధతులు అంటూ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో చేసిన విభజన ఈ సన్నివేశాన్ని అర్థం చేసుకోవడానికి కొంత సాయపడుతుంది. అయితే ముఖాముఖిగా ఉన్నప్పుడు సందర్భాన్ని మోసుకొచ్చే స్వరం, చూపు, తటపటాయింపు తెర మీది అక్షరాల్లో ఉండవు. పరోక్షంగా మాట్లాడటం అలవాటైనవారు ఆ కారణంగా ఎక్కువ నష్టపోతారు.

ఇంటర్నెట్ కొత్తగా వ్యాపిస్తున్న రోజుల్లో ఒక ఆశ బలంగా ఉండేది. ముఖం కనిపించదు, యాస వినిపించదు, కాబట్టి పుట్టుక వల్ల వచ్చే వివక్ష తెర మీద ఉండదని చాలామంది నమ్మారు. 1990లలో రసెల్ స్పియర్స్, మార్టిన్ లీ తదితర మనస్తత్వవేత్తలు చేసిన పరిశోధనలు ఈ ఆశను తలకిందులు చేశాయి. వ్యక్తిగతమైన ఆనవాళ్లు కనిపించనప్పుడు మనం ఎదుటివారిని ఒక వ్యక్తిగా కాక, తెలిసిన ఆ ఒక్క ఆనవాలును బట్టి ఒక వర్గానికి ప్రతినిధిగా చూసే అవకాశం పెరుగుతుందని వారు చూపారు. పేరు ఒక్కటే కనిపిస్తే, మొత్తం మనిషి ఆ పేరులోకి కుంచించుకుపోతారు.

ఆ కుంచించుకుపోవడం ఎంత ఖరీదైనదో రేచెల్ బేకర్, థామస్ డీ, బ్రెంట్ ఎవాన్స్, జూన్ జాన్ చేసిన ఒక ప్రయోగం బయటపెట్టింది. 2018లో తొలుత వెలువడిన ఈ అధ్యయనంలో పరిశోధకులు 124 ఆన్‌లైన్ కోర్సుల చర్చా వేదికల్లో కల్పిత విద్యార్థుల పేర్లతో వ్యాఖ్యలు పెట్టారు. ఏ పేరుకు ఏ వ్యాఖ్య దక్కాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు కాబట్టి, బదులు రావడంలో తేడా కనిపిస్తే దానికి కారణం పేరే. శ్వేతజాతి పురుషుల పేర్లుగా తోచే పేర్లకు బోధకులు స్పందించే అవకాశం మిగిలినవారితో పోలిస్తే 94 శాతం ఎక్కువగా తేలింది. ఆ బోధకుల్లో ఎవరైనా నేను వివక్ష చూపుతున్నాను అనుకొని ఉంటారని నేను అనుకోను. వందలాది వ్యాఖ్యల మధ్య ఎవరికి బదులివ్వాలో క్షణాల్లో తేల్చుకొనేటప్పుడు కన్ను ఎక్కడ ఆగుతుందన్నదే ఇక్కడి విషయం. ఈ ఫలితాన్ని ఎదురుగా పెట్టుకొని చూస్తే ‘మీ అస్తిత్వాన్ని స్వేచ్ఛగా వ్యక్తం చేయండి’ అన్న ఆహ్వానం అందరికీ ఒకేలా వినపడదని అర్థమవుతుంది. కొందరికి అది నిజంగానే ఆహ్వానం. మరికొందరికి, బదులు దక్కే అవకాశాన్ని తగ్గించుకోమని అడగడం. పేరును కుదించుకొనేవారు, ప్రొఫైల్ ఫొటో స్థానంలో పువ్వు బొమ్మ పెట్టుకొనేవారు సంస్కృతి పట్ల అభిమానం లేక అలా చేస్తున్నారని అనుకోవడం అన్యాయం.

దీనికి తోడు, ఆన్‌లైన్‌లో మాట్లాడేటప్పుడు శ్రోతలెవరో తెలియదు. 1959లో అర్వింగ్ గాఫ్‌మన్, మనుషులు రంగస్థలం మీద ఒకలా, తెర వెనుక ఒకలా మెలుగుతారని, అది కపటం కాదని, సామాజిక జీవితం నడిచేదే అలా అని వివరించారు. ఇంట్లో ఒక మాట తీరు, తరగతిలో ఒక తీరు, స్నేహితుల మధ్య ఇంకో తీరు ఉండటం సహజం. ఉమ్మడి వేదికలో ఈ గోడలు కూలిపోతాయి. అలీస్ మార్విక్, డానా బోయ్డ్ 2011లో ప్రచురించిన పరిశోధనలో ఈ సందర్భాల కలగాపులగాన్ని సామాజిక మాధ్యమాల్లో వివరంగా చూపారు. అభ్యసన సమూహంలో అదే చిక్కు మరింత బిగుసుకుంటుంది. ఒకే వ్యాఖ్యను మార్కులు వేసే బోధకులు, సొంత ఊరి సహపాఠులు, ఎన్నడూ చూడని విదేశీయులు అందరూ చదువుతారు; పైగా అది చెరిగిపోకుండా నిలిచి ఉంటుంది. తన సమాజంలోని ఒక ఆచారాన్ని విమర్శనాత్మకంగా చర్చించాలనుకొనే విద్యార్థి పరిస్థితి చూడండి. బయటివారి ముందు విమర్శిస్తే సొంతవారికి ద్రోహం చేసినట్టు ఉంటుంది. సమర్థిస్తే తన మనసుకు విరుద్ధంగా మాట్లాడినట్టు ఉంటుంది. అందువల్ల చాలామంది ఎవరికీ ఇబ్బంది లేని పండుగ ఫొటోతో సరిపెడతారు. ఆన్‌లైన్ తరగతుల్లో సంస్కృతి పేరిట అలంకారాలే ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నాకనిపిస్తుంది.

వేదికలను తయారుచేసే సాఫ్ట్‌వేర్ కూడా తటస్థంగా ఉండదు. నమోదు పత్రంలో మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు గడులు తప్పనిసరి చేస్తే, ఒకే పేరు ఉన్నవారు అదే పేరును రెండుసార్లు రాయాల్సి వస్తుంది. ఇంటిపేరు ముందు వచ్చే సమాజాలవారిని వేదిక ప్రతి ఉత్తరంలోనూ తలకిందులుగా పిలుస్తుంది. 1991లో కంప్యూటర్లలో లిపులను చూపే ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ తొలి సంచిక వచ్చినప్పటి నుంచి ప్రపంచ లిపులు ఒకే వ్యవస్థలో చేరుతూ వచ్చినా, కుడి నుంచి ఎడమకు రాసే అరబిక్, హీబ్రూ వాక్యాల మధ్య అంకెలో లాటిన్ అక్షరాలో వచ్చినప్పుడు క్రమం చెదిరిపోయే వేదికలు ఇంకా ఉన్నాయి. ఎమోజీలకు చర్మం రంగులు ఎంచుకొనే వీలు 2015లో గానీ రాలేదు. ఇవి చిన్న విషయాలుగా తోస్తాయి. కానీ తన పేరు తనదిగా కనిపించని చోట మిగతా అస్తిత్వాన్ని తెచ్చి పెట్టాలని ఎవరికి అనిపిస్తుంది?

సంస్కృతిగా పొరబడే మరో సంగతి ఉంది. దాన్ని పరిశోధకులు కూడా ఆలస్యంగానే గుర్తించారు. జూలీ బెల్జ్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో జర్మన్, అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసిన తీరును పరిశీలించారు. వారి మధ్య తలెత్తిన ఉద్రిక్తతలు పైకి చూస్తే ఆసక్తిలోనూ స్వభావంలోనూ ఉన్న తేడాల్లా ఉంటాయి. లోతుకు వెళ్తే రెండు దేశాల విద్యా సంవత్సరాలు ఒకేసారి మొదలై ముగియవని, ఒకచోట ఆ పనికి మార్కులు కీలకమైతే మరోచోట అంత పట్టింపు లేదని, కంప్యూటర్ అందుబాటులో ఉండటంలోనూ తేడా ఉందని బయటపడింది. ఒక పక్షం సెమిస్టర్ చివరి వారాల ఒత్తిడిలో ఉన్నప్పుడు మరో పక్షం అప్పుడే పరిచయాల దశలో ఉంటే, ఒకరికి ఎదుటివారు బద్ధకస్తులుగా, మరొకరికి ఎదుటివారు యాంత్రికంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లో నెలకొల్పిన కేంద్రం ద్వారా విస్తరించిన అంతర్జాతీయ ఉమ్మడి కోర్సుల నిర్వాహకులు, విద్యార్థులను కలపడానికి ముందు రెండు వైపుల బోధకులు కూర్చొని తేదీలు, మార్కులు, అంచనాలు మాట్లాడుకోవాలని పట్టుబట్టడం వెనుక ఇలాంటి అనుభవమే ఉంది.

మరి సంస్కృతికి పనిలోనే చోటు కల్పించడం ఎలా ఉంటుంది? నాకు తెలిసినంతలో దీనికి అత్యంత ఆలోచనాత్మకమైన నమూనా, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫ్రెంచ్ బోధకులు జిల్బెర్ట్ ఫ్యుర్‌స్టెన్‌బర్గ్, ఆమె సహచరులు 1997లో మొదలుపెట్టిన ‘కల్చురా’ ప్రాజెక్టు. అమెరికాలో ఫ్రెంచ్ నేర్చుకొనే విద్యార్థులు, ఫ్రాన్స్‌లో ఇంగ్లీష్ నేర్చుకొనే విద్యార్థులు ఇందులో పాల్గొంటారు. వారిని మీ సంస్కృతి గురించి చెప్పండని అడగరు. ఒకే ప్రశ్నావళిని రెండు వైపులా ఇస్తారు. మంచి పొరుగువారు అంటే ఎవరు అన్న వాక్యాన్ని పూర్తి చేయమంటారు. దుకాణంలో ఒక తల్లి బిడ్డను చెంపదెబ్బ కొట్టడం చూస్తే మీరేం చేస్తారు, మీరు వరుసలో నిలబడి ఉండగా ఎవరో ముందుకు దూరితే ఏమంటారు వంటి సందర్భాలు ఇస్తారు. ఎవరి జవాబులు వారు తమ సొంత భాషలోనే రాస్తారు. తర్వాత రెండు జాబితాలను పక్కపక్కన పెడతారు.

అక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది. ప్రతి విద్యార్థీ రాసింది తన వ్యక్తిగత జవాబు. కానీ పక్కన ఉన్న జాబితాతో పోల్చినప్పుడు తన వైపువారి జవాబుల్లో ఒక పోలిక ఉందని, అది తనకు ఇంతకాలం కనిపించలేదని వారే గమనిస్తారు. గమనించినదాన్ని చర్చలో ఎదుటివారి ముందు పెట్టి, ఎందుకిలా అని అడుగుతారు. జవాబు చెప్పేవారు తమ సమాజాన్ని వివరించాలి. వివరించే క్రమంలో తమలో తామే విభేదించుకుంటారు, అందరూ అలా కాదు, మా ఇంట్లో వేరు అంటారు. ఆ విభేదమే దేశానికొక స్వభావం అంటగట్టే అలవాటును కరిగిస్తుంది. సొంత భాషలో రాయనివ్వడం ఇందులో అసలు కీలకం. విదేశీ భాషలో ప్రతి ఒక్కరూ తమకు వచ్చిన మాటల మేరకే ఆలోచనను కత్తిరించుకుంటారు. భాష మీద పట్టున్నవారే చర్చను నడిపిస్తారు. ఇక్కడ నేర్చుకొనేవారి భారం చదవడంలో ఉంది, రాయడంలో లేదు. అందువల్ల ఎవరూ తమ స్థాయి కన్నా చిన్నగా కనిపించనవసరం లేదు.

గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో, వేర్వేరు వర్గాల మధ్య పరిచయం దురభిప్రాయాలను తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థ మద్దతు ఉండాలన్నారు. ఈ ప్రాజెక్టులో ఆ నాలుగూ ఉన్నాయి. పరిచయ వాక్యాల అభ్యాసంలో ఒక్కటీ సరిగా లేదు.

అస్తిత్వాన్ని కాపాడటానికి సులువైన దారులు దొరికాయన్న వార్తలు కూడా వచ్చాయి. రెనే కిజిల్‌చెక్ తదితరులు 2017లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అల్పాభివృద్ధి దేశాల నుంచి ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవారు తమకు ముఖ్యమైన విలువల గురించి మొదట్లోనే కొద్దిసేపు రాస్తే, కోర్సు పూర్తి చేసే విషయంలో సంపన్న దేశాలవారితో ఉన్న అంతరం తగ్గింది. ఇక్కడ తాము తక్కువవారమేమో అన్న బెరుకు తగ్గడమే కారణమని వారు భావించారు. అదే బృందం మరికొందరితో కలిసి దాదాపు 250 కోర్సుల్లో, రెండున్నర లక్షల మందితో ఈ ప్రయోగాన్ని విస్తరించి 2020లో ఫలితాలు ప్రకటించింది. మొదట కనిపించినంత ప్రభావం అన్నిచోట్లా కనిపించలేదు, సందర్భాన్నిబట్టి మారింది. తమ సొంత ఫలితాన్ని ఇంత నిజాయితీగా పరీక్షకు పెట్టిన ఆ పరిశోధకులను అభినందించాలి. మనం గ్రహించాల్సింది ఏమిటంటే, కోర్సు మొదట్లో అతికించిన ఏ చిన్న అభ్యాసమైనా, ఆ తర్వాత నెలల తరబడి సాగే పని స్వరూపాన్ని మార్చలేదు.

కలిసి జ్ఞానాన్ని నిర్మించే పెద్ద సమూహాల్లో ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ అస్తిత్వం పనికి నేపథ్యంగా ఉండదు. వివాదమే దాని గురించి జరుగుతుంది. ఇంగ్లీష్ వికీపీడియాలో బాల్టిక్ తీరంలోని గ్డాన్‌స్క్ నగరాన్ని పోలిష్ పేరుతో పిలవాలా, డాన్‌జిగ్ అనే జర్మన్ పేరుతో పిలవాలా అని సంపాదకులు ఎంతోకాలం ఒకరి దిద్దుబాట్లను ఒకరు చెరిపేసుకున్నారు. చివరికి 2005లో ఓటింగ్ జరిపి, 1308 నుంచి 1945 వరకు జరిగిన సంగతులకు డాన్‌జిగ్ అని, అంతకు ముందూ ఆ తర్వాతా గ్డాన్‌స్క్ అని వాడాలని తేల్చారు. ఈ నిర్ణయంతో అందరూ సంతోషించి ఉండరు. అయినా ఇందులో నన్ను ఆకట్టుకొనేది ఒకటుంది: అస్తిత్వాన్ని పక్కన పెట్టి రండి అని ఎవరూ అనలేదు. ఇద్దరి జ్ఞాపకాలకూ చరిత్రలో ఆధారం ఉందని ఒప్పుకొని, అవి ఒకే వాక్యంలో ఢీకొనకుండా ఒక నియమం రాసుకున్నారు. ఆ నియమం ఎక్కడుందో ఎవరైనా చూడవచ్చు, దాని మీద వాదించవచ్చు. చిన్న అభ్యసన బృందాలకు కూడా ఇలాంటి రాతపూర్వక ఒప్పందం ఎంతో మేలు చేస్తుంది. ఎదుటివారి వాక్యాన్ని తొలగించే ముందు వ్యాఖ్య పెట్టాలా, ఎన్ని గంటలు ఆగాలి, అభ్యంతరాన్ని అభ్యంతరమని ఎలా గుర్తు పెట్టాలి అని మొదటి రోజునే రాసుకొని ఉంటే, పైన చెప్పిన ఐదుగురి డాక్యుమెంట్‌లో సగం మనస్తాపాలు పుట్టేవే కావు.

వ్యక్తం చేయడం గురించి ఇంత మాట్లాడుకున్నాక, వ్యక్తం చేయకుండా ఉండే హక్కు గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. బృందంలో ఒక సమాజం నుంచి ఒక్కరే ఉన్నప్పుడు, ఆ సమాజం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అందరి కళ్లూ వారి వైపే తిరుగుతాయి. మీవాళ్లు దీన్ని ఎలా చూస్తారు అని అడుగుతారు. అడిగేవారిది ఆసక్తే కావచ్చు, కానీ జవాబు చెప్పేవారు ఆ క్షణంలో విద్యార్థిగా ఉండటం మానేసి సమాచార కేంద్రంగా మారాల్సి వస్తుంది. పైగా కొన్ని విషయాలు అందరితో పంచుకొనేవి కావు. ఆస్ట్రేలియాలోని టెనెంట్ క్రీక్ ప్రాంతానికి చెందిన వారుముంగు ఆదివాసులతో కలిసి రూపొందించిన ‘ముకుర్తు’ అనే డిజిటల్ భాండాగార వ్యవస్థ ఈ సత్యాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే పొందుపరిచింది. ఏ ఫొటోను, ఏ కథనాన్ని ఎవరు చూడవచ్చన్నది ఆ సమాజపు కట్టుబాట్ల ప్రకారమే నిర్ణయమవుతుంది: చనిపోయినవారి చిత్రాలకు ఒక నియమం, స్త్రీలకు మాత్రమే లేదా పురుషులకు మాత్రమే చెందిన విషయాలకు ఒక నియమం, కుటుంబానికే పరిమితమైన వాటికి మరో నియమం. ఎంత బాహాటంగా ఉంటే అంత మంచిదన్న భావన మీద నడిచే ఆన్‌లైన్ అభ్యసన వేదికలు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కనీసం, ఏ వ్యాఖ్య బృందానికి పరిమితం కావాలో, ఏది తరగతి అంతటికీ చేరాలో రాసినవారే ఎంచుకొనే వీలుండాలి.

చివరిగా మార్కుల సంగతి. వారానికి రెండు వ్యాఖ్యలు రాయాలి, మరో ఇద్దరికి బదులివ్వాలి అన్న నియమం చాలా కోర్సుల్లో ఉంటుంది. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో, కొత్తగా చేరినవారు అంచున నిలబడి చూడటం, వినడం, చిన్న పనులతో మొదలుపెట్టడం అభ్యసనంలో న్యాయమైన దశేనని వివరించారు. అందరి మాటా విన్నాకే నోరు విప్పడం మర్యాదగా భావించే వాతావరణంలో పెరిగిన విద్యార్థి, వ్యాఖ్యల సంఖ్యను లెక్కించే నియమం ముందు మొదటి వారంలోనే వెనుకబడతారు. నాలుగో వారంలో వారు రాసే ఒక్క వ్యాఖ్య అప్పటిదాకా జరిగిన చర్చనంతా కలిపి కట్టవచ్చు. లెక్క మాత్రం ఒకటి అనే చూపిస్తుంది. వారాల వారీ కోటా బదులు కోర్సు మొత్తానికి తోడ్పాటును చూడటం, ఇతరుల వ్యాఖ్యలను క్రోడీకరించడాన్నీ పక్కన రాసిన ప్రశ్నల్నీ దిద్దుబాట్లనూ కూడా పనిగా గుర్తించడం, ఏ వాక్యం ఎవరి వల్ల మెరుగుపడిందో డాక్యుమెంట్ మార్పుల చరిత్రలో చూడటం బోధకులకు కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాయి. ఆ సమయాన్ని బోధకుల పనిగంటల్లో లెక్కించి ఇవ్వాల్సిన బాధ్యత సంస్థలదే.